మలివయసు పెళ్ళికి ముందురోజు



పెళ్ళికి ముందు ఇంటిలో జరిగే వేడుకలు కృష్ణా జిల్లా వారికి కొత్తగా చెప్పవలసినవి కావు. పందిరి వేయడం, పసుపు కొట్టడం, గుమ్మాలకు మామిడాకుల తోరణాలు కట్టడం, నలుగు పెట్టడం, మంగళస్నానం చేయించడం, ఆపైన బంధుమిత్రులందరూ ఒక పంక్తిన కూర్చొని భోజనం చేయడం అందరికీ తెలిసినవే. వధూవరులు పాతికేళ్ళ వారైతే ఆ సందడిని గురించి ఒక విశ్రాంత వైద్యుడు వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండదు. వరుడికి 68, వధువుకు 63 సంవత్సరాలు నిండి ఉన్నప్పుడు మాత్రం ఆ వేడుకలో ఆరోగ్యానికి సంబంధించిన విషయాలు కొన్ని ఉంటాయి. వాటిని గురించి మన ఇళ్ళలో ఎవరూ పైకి మాట్లాడరు.

ఈ ఫాల్గుణమాసంలో నా బాల్యమిత్రుని వివాహం ఉయ్యూరులో జరిగింది. పెళ్ళికి ముందురోజు తెల్లవారింది మొదలు రాత్రి వరకు నేను ఆయన ఇంటిలోనే గడిపాను. ఆ దంపతుల అనుమతితో, వారి పేర్లు చెప్పకుండా, ఆనాటి సంగతులు మీతో పంచుకొంటున్నాను.

శోకం శరీరాన్ని ఏం చేస్తుంది?

నా మిత్రుడు ఉద్యోగ జీవితమంతా చక్కెర పరిశ్రమలోనే గడిపాడు. 1941లో మొదలైన కె.సి.పి. చక్కెర కర్మాగారం పుణ్యమా అని ఉయ్యూరు పేరు చెప్పగానే చుట్టుపక్కల వారికి చెరకు బండ్లు గుర్తుకు వస్తాయి. "ఒరేయ్ డాక్టరూ, నలభై ఏళ్ళు చెరకురసంలో తీపి కొలిచాను. ఇప్పుడు నా రక్తంలో కొలుచుకొంటున్నాను" అని ఆయన తన మధుమేహాన్ని తానే పరిహసించుకొంటూ ఉంటాడు.

నాలుగేళ్ళ క్రితం ఆయన భార్య క్యాన్సరుతో మరణించింది. తరువాతి సంవత్సరంలో ఆయన 9 కిలోల బరువు తగ్గాడు. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 7 నుండి 9.8కి పెరిగింది. బరువు తగ్గినందుకు థైరాయిడ్, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు అన్నీ పరీక్షించాము. వాటిలో లోపమేమీ కనిపించలేదు. విషయం వేరు. ఉదయం ఒక్కసారి అన్నం వండుకొని మూడు పూటలా అదే తినేవాడు. రక్తపుపోటు మాత్ర వేసుకొన్నాడో లేదో ఆయనకే గుర్తుండేది కాదు. రాత్రంతా టీవీ మ్రోగుతూనే ఉండేది. "చూడటానికి కాదురా, ఇంట్లో మనిషి గొంతు వినిపిస్తుందని పెట్టుకొంటాను" అన్నాడు ఒకనాడు.

జీవిత భాగస్వామిని కోల్పోయిన వారి ఆరోగ్యం దెబ్బతింటుందన్నది వైద్యులు కొలిచి చూసిన సత్యం. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 55 ఏళ్ళు దాటి భార్యను కోల్పోయిన 4,486 మంది పురుషులను పరిశీలించారు. మొదటి ఆరునెలలలో వారి మరణాల రేటు, అదే వయస్సుగల వివాహితులతో పోల్చితే 40 శాతం అధికంగా ఉంది. ఆ అదనపు మరణాలలో ఎక్కువ భాగం గుండెజబ్బుల వలన సంభవించినవే. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు జీవిత సంఘటనలు కలిగించే ఒత్తిడికి మార్కులు కేటాయించారు. అందులో భాగస్వామి మరణానికి 100 మార్కులు, అంటే అన్నింటికంటె పైస్థానం. అదే పట్టికలో వివాహానికి కూడ 50 మార్కులు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. శుభకార్యమైనా శరీరానికి అది ఒత్తిడియే. ఆ మాటకు నిదర్శనం ఆనాటి మధ్యాహ్నమే చూశాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉన్నదని ఆ నివేదిక అంచనా వేసింది. పొగత్రాగడం గురించి, ఉప్పు గురించి రోగులను అడిగినట్లే "ఇంట్లో మీతో మాట్లాడే వారెవరు?" అని కూడ వైద్యులు అడగవలసిన కాలం వచ్చింది.

బ్యాంకులో కుదిరిన సంబంధం

వధువు విశ్రాంత ఉపాధ్యాయిని. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. వీరిద్దరి పరిచయం జరిగింది బ్యాంకులో. పింఛను తీసుకొనేవారు తాము బ్రతికే ఉన్నామని ప్రతి సంవత్సరం రుజువు చూపించాలి కదా! అలా వెళ్ళినప్పుడు వ్రేలిముద్రలు పడక ఇద్దరూ గంటసేపు బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. "బ్రతికే ఉన్నామా అని యంత్రానికి కూడ అనుమానం వచ్చిందండీ" అని ఆమె అనగా, మా వాడు నవ్వాడట. చాలాకాలానికి అంత నవ్వు నవ్వానని నాతో చెప్పాడు. ఆ పరిచయం ఏడాదిన్నరకు పెళ్ళి మాటల వరకు వచ్చింది.

ఆమెది ఆ ఊరే. రెండు వీధుల అవతల తమ్ముని ఇంటిలో ఉంటున్నది. రెండు ఇళ్ళలో వేర్వేరుగా వేడుకలు చేస్తే తిరిగే ఓపిక ఎవరికీ లేదు కనుక, ఇరువైపుల వారూ ఒకే పందిరి క్రింద చేసుకొందామని నిర్ణయించుకొన్నారు.

పసుపు ఎవరు కొట్టాలి?

విజయవాడ నుండి బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి నేను ఉయ్యూరు చేరేసరికి ఉదయం ఏడు గంటలు. వీరమ్మ తల్లి తిరునాళ్ళు ముగిసి రెండు వారాలయింది. మిత్రుని పెరటిలో తాటాకు పందిరి సిద్ధంగా ఉంది. రోలు కడిగి, పసుపు రాసి, రోకలికి పసుపుకొమ్ము కట్టి ఉంచారు. పదిమంది ఆడవారు వచ్చి నిలబడ్డారు. కాని ఎవరూ రోకలి మీద చేయి వేయలేదు.

వారి సంకోచానికి కారణం నాకు తెలుసు. పసుపు కొట్టడం ముత్తయిదువుల పని. ఈ వధువు భర్తను కోల్పోయిన స్త్రీ. పైగా అది వీరమ్మ తల్లి ఊరు. మాఘ శుద్ధ ఏకాదశి మొదలు పదిహేను రోజులపాటు ఉయ్యూరు కొలిచే ఆ తల్లి, భర్త మరణానంతరం సహగమనం చేసిన పేరంటాలని స్థానికుల విశ్వాసం. ఆ తల్లి నీడలో భర్త పోయిన స్త్రీకి మళ్ళీ పసుపు రాయవచ్చునా అన్న ప్రశ్న, నోటితో ఎవరూ అనకపోయినా, ఆ పెరటిలో ఉంది.

మా వాడి అక్కగారికి 76 సంవత్సరాలు. ఆమెకూ భర్త లేడు. అలవాటు ప్రకారం దూరంగా గుంజ దగ్గర నిలబడి ఉంది. అక్కడి నుండే అన్నది: "తల్లికి మనం మొక్కుకొనేది ఇల్లు చల్లగా ఉండాలని. ఈ ఇల్లు నాలుగేళ్ళుగా చల్లగా లేదు. ఇంకా చూస్తారేంటర్రా, పసుపు కొట్టండి."

అప్పుడు వధువు తానే లేచి వెళ్ళి ఆమె చేయి పట్టుకొన్నది. "వదినగారూ, ముందు పోటు మీరే వెయ్యాలి" అన్నది. ఆ పెద్దావిడ ఒక్క క్షణం వెనుకాడి, వచ్చి రోకలి ఎత్తింది. ఆ తరువాత ఎవరూ ఆగలేదు. పసుపు వాసన పెరడంతా నిండింది.

మన దేశంలో వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే అంగీకరించింది. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి పోరాటం పసితనంలోనే భర్తలను కోల్పోయిన బాలికల కోసం సాగింది. అరవై దాటినవారి ఒంటరితనం అప్పటి సమాజానికి పెద్ద సమస్య కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుల సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. ఇప్పుడది 70 సంవత్సరాలకు చేరింది. వైద్యం మనకు ఇచ్చిన ఆ అదనపు సంవత్సరాలలో ఎవరితో, ఎలా బ్రతకాలన్నది మన తరం తేల్చుకోవలసిన ప్రశ్న.

బీరువా తాళం

పది గంటలకు మిత్రుని కుమార్తె బెంగళూరు నుండి వచ్చింది. పందిరిలోకి రాకుండా నేరుగా లోపలికి వెళ్ళి తల్లి ఫోటో ముందు కూర్చొన్నది. కొంతసేపటికి నేను వెళ్ళి ప్రక్కన కూర్చొన్నాను.

"బాబాయ్, నాన్న ఒంటరిగా ఉంటున్నారని నాకు తెలియదా? మా దగ్గరికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచాను! వచ్చి మూడు వారాలుంటారు, మళ్ళీ ఉయ్యూరు అంటారు. ఆస్తి గురించి నాకు ఏ పట్టింపూ లేదు. అమ్మ చీరలు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి. రేపటి నుంచి ఆ బీరువా ఎవరిది?"

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో సమాధానం లేదు. నాకు తెలిసినది మాత్రం చెప్పాను. తండ్రి బెంగళూరులో ఉన్న మూడు వారాలూ పగటిపూట ఒంటరిగానే ఉన్నాడని, అల్లుడు, కుమార్తె ఉద్యోగాలకు, మనుమడు బడికి వెళ్ళాక ఆ అపార్టుమెంటులో ఆయనకు తెలిసిన గొంతు ఒక్కటీ లేదని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పాను. ఆమె వింటూ ఉన్నది. ఒప్పుకొన్నట్లు మాత్రం తోచలేదు.

ఆ సమయంలో వధువు రెండు గ్లాసులలో కాఫీ తెచ్చింది. మా మాటలు ఆమె చెవిన పడి ఉంటాయి. "అమ్మా, ఆ బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో. నా బీరువా నాకు తమ్ముడి ఇంటి నుంచి వస్తోంది. ఆ ఫోటో కూడా ఉన్నచోటనే ఉండాలి. నేను నిన్ను అడిగేది ఒక్కటే. మీ అమ్మగారి తిథి ఏ రోజో చెప్పు. ఆ రోజు ఇంట్లో వంట నేను చెయ్యవచ్చో లేదో కూడా నువ్వే చెప్పు" అన్నది.

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. కాఫీ గ్లాసు మాత్రం అందుకొన్నది.

మూడు చెంచాల చక్కెర

పన్నెండు కావస్తుండగా పందిరిలో పీట మీద కూర్చొన్న మా వాడికి ముఖాన చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే అర్థం లేకుండా చూస్తున్నాడు. ఎండ దెబ్బ అని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు అన్నారు. వెంటనే వ్రేలి చివర రక్తం తీసి చూస్తే చక్కెర 58 మాత్రమే ఉంది. 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే అది ప్రమాదానికి హెచ్చరిక.

జరిగినది సులభంగానే తెలిసింది. ఉదయం గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొన్నాడు. కుమార్తె వచ్చాక కలిసి తిందామని ఇడ్లీలు ముట్టలేదు. ఆమె వచ్చి లోపలే కూర్చొనడంతో ఆకలి సంగతే మరచాడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ఇలా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకొని ఆహారం తినకపోతే మాత్రం ఏ క్షణాన్నైనా పడిపోవచ్చు.

"చక్కెర నీళ్ళు!" అని నేను అనీ అనకముందే, లోపలి నుండి కుమార్తె పరుగున గ్లాసుతో వచ్చింది. మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు త్రాగించి, పదిహేను నిమిషాలు ఆగి మరల చూశాము. 92కు వచ్చింది. అప్పుడు రెండు ఇడ్లీలు తినిపించాము. చక్కెర నీటితో పెరిగినది మరల పడిపోకుండా వెంటనే ఆహారం తినాలి. రోగి స్పృహ తప్పి ఉంటే మాత్రం నోటిలో ఏమీ పోయకూడదు, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఆయన తేరుకోగానే కుమార్తె ఒకవైపు నుండి, వధువు మరొకవైపు నుండి ఒకేసారి "తినకుండా మాత్ర ఎందుకు వేసుకొన్నారు?" అని కేకలేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. పందిరి అంతా నవ్వింది. మా వాడు "ఉయ్యూరులో చక్కెరకు కరువేమిటర్రా!" అన్నాడు.

తరువాత నలుగు పెట్టారు. కుమార్తె తండ్రి వెనుక నిలబడి తలకు నూనె అంటింది. ఒక్కరోజులో ఆమె మనస్సు మారిపోయిందని నేను వ్రాయలేను. కాని తల అంటుతున్న ఆ చేతులలో తొందర లేదు.

భోజనంలో ముద్దపప్పు, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు, చివరకు మీగడతో ఉలవచారు వడ్డించారు. వరుడికి ఒకే ఒక్క బూరె అని తీర్పు ఇచ్చింది వధువు. అన్నం తగ్గించి కూర, పప్పు ఎక్కువ వడ్డించమన్నది నేను. పండుగనాడు వడ్డన తగ్గినందుకు ఆయన ఇద్దరినీ కలిపి తిట్టాడు.

సాయంకాలం అడిగిన ప్రశ్న

సాయంత్రం ఇద్దరమూ మేడ మీద కూర్చొన్నాము. చెరకు ట్రాక్టర్లు రోడ్డు మీద వెళ్తున్నాయి. "ఒక మాట అడుగుతాను, నవ్వకు" అని, ఆ వయస్సులో దాంపత్య సుఖం గుండెకు ప్రమాదమా అని అడిగాడు. నేను నవ్వలేదు. ఇది ఎందరికో కలిగే సందేహం, ఎవరూ వైద్యుని అడగని సందేహం. ఆయనకు చెప్పినదీ, ఇతరులకు పనికివచ్చేదీ ఇక్కడ పొందుపరుస్తున్నాను.

రెండు అంతస్తుల మెట్లు ఛాతీనొప్పి, అధిక ఆయాసం లేకుండా ఎక్కగలిగినవారికి సాధారణంగా ప్రమాదం తక్కువ. గుండెపోటు వచ్చినవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. సిల్డెనఫిల్ వంటి మాత్రలను మందుల దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు వాటిని తీసుకొంటే రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. ముట్లుడిగిన స్త్రీలలో యోని పొడిబారడం వలన నొప్పి కలుగుతుంది. దానికి సులభమైన చికిత్సలున్నాయి, స్త్రీవైద్య నిపుణులను అడగడానికి సిగ్గుపడనవసరం లేదు. హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి పరీక్షలు ఏ వయస్సులో పెళ్ళి చేసుకొనేవారైనా చేయించుకోవడం మంచిది. స్పర్శ, సాన్నిహిత్యం, ఒకరి ప్రక్కన ఒకరు నిద్రించడం కూడ దాంపత్యమేనని, దేనికీ తొందర పడనవసరం లేదని కూడ ఆయనకు చెప్పాను.

మలివయసులో పెళ్ళి తలపెట్టినవారు మరికొన్ని విషయాలు ముందుగానే మాట్లాడుకోవాలి. తమకున్న వ్యాధులు, వాడుతున్న మందులు ఒకరికొకరు దాచకుండా చెప్పుకొని, ఆ జాబితాను ఇద్దరికీ కనిపించేచోట ఉంచాలి. ఒకరు మంచాన పడితే రెండవవారు ఎంతవరకు సేవ చేయగలరో, పిల్లలు ఏ బాధ్యత తీసుకొంటారో తేల్చుకోవాలి. భర్త తరపున కుటుంబ పింఛను పొందుతున్న స్త్రీలు, పునర్వివాహంతో అది ఆగిపోయే అవకాశమున్నందున నిబంధనలు ముందే తెలుసుకోవాలి. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం పురుషుడు వీలునామా వ్రాయకుండా మరణిస్తే భార్యకు, పిల్లలకు సమాన వాటాలు వస్తాయి. తల్లి జీవించి ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. నా మిత్రుడు, ఆమె తమ తమ ఆస్తులను తమ పిల్లలకే వ్రాసి, ఆ ఇంటిలో ఆమెకు జీవితకాల నివాసహక్కు ఉండేటట్లు వీలునామా రిజిస్టరు చేయించుకొన్నారు. పెళ్ళికి ముందే ఆ పని పూర్తికావడం వలన పందిరిలో ఆస్తి మాట రాలేదు.

పెళ్ళి ఒక్కటే మందా?

కాదు. సామాజిక సంబంధాలు బలంగా ఉన్నవారు ఎక్కువకాలం జీవించే అవకాశం 50 శాతం అధికమని, 148 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణ తెలిపింది. ఆ సంబంధాలలో స్నేహితులు, బంధువులు, ఇరుగుపొరుగు, సంఘాలు అన్నీ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవారికే స్నేహాలు నిలుపుకోవడం సులభం కాబట్టి, ఆ అంకె మొత్తాన్నీ స్నేహాల ఖాతాలో వేయలేము. పొసగని పెళ్ళి ఒంటరితనం కంటె కీడు చేయవచ్చు. ఒంటరిగా ఉండి హాయిగా జీవించేవారూ ఉన్నారు, వారిని ఎవరూ బలవంతపెట్టకూడదు. తోడు కావాలనుకొనే పెద్దలను ఒకరికొకరిని పరిచయం చేయడానికి హైదరాబాదులో ఎన్.ఎం. రాజేశ్వరి గారు నెలకొల్పిన 'తోడు నీడ' వంటి సంస్థలు పనిచేస్తున్నాయి. పెళ్ళి వద్దనుకొనేవారికి ఉదయపు నడక బృందం, గ్రంథాలయం, భజన మందిరం, చీట్లపేక స్నేహితులు కూడ మందులే.

మరునాడు పెళ్ళి నిరాడంబరంగా జరిగింది. వివాహాన్ని రిజిస్టరు చేయించే పని కూడ ఆ వారంలోనే పూర్తిచేశారు. పెళ్ళి తరువాత చేయించిన మొదటి పరీక్షలో ఆయన హెచ్‌బీఏ1సీ ఎంత వచ్చిందని మీరు అడగవచ్చు. దానికి ఇంకా మూడు నెలలు నిండలేదు. రాత్రి పది గంటలకు టీవీ ఆగిపోతున్నదని మాత్రం ఆయన చెప్పాడు.

దూరాన ఉన్న తల్లిదండ్రులకు మనం ఫోను చేసినప్పుడు మొదట అడిగే ప్రశ్న "మందులు వేసుకొన్నారా?" అన్నదే. అది అడగండి. దానితోపాటు "ఈరోజు భోజనం ఎవరితో కలిసి చేశారు?" అని కూడ అడగండి. ఆ ప్రశ్నకు రోజుల తరబడి ఒకటే సమాధానం వస్తూ ఉంటే, అది చికిత్స చేయవలసిన లక్షణమని గుర్తించండి. చికిత్స ఏమిటో వారినే నిర్ణయించుకోనివ్వండి.